"ఈ పురుగు పేరేంటి?" అంటే జవాబు దొరికేలా క్లోజప్ ఫొటో తీయడం ఎలా

నా క్లోజప్ ఫొటోల్లో చాలాకాలం నాకు బాగా నచ్చింది ఒక కందిరీగ ఫొటో. పసుపు ఒంటి మీద నల్ల చారలు, పువ్వు మీద వాలి పుప్పొడి నాకుతోంది, వెనకంతా మెత్తటి ఆకుపచ్చ. కింద 'కందిరీగ' అని రాసి దాచుకున్నాను. పురుగుల గురించి బాగా తెలిసిన ఒకాయన దాన్ని చూసి ఒకే ప్రశ్న వేశారు: "రెక్కలెన్ని?" ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టాను. రెండే. కందిరీగకు నాలుగుండాలి. నేను మురిసిపోయి దాచుకున్నది ఈగ. కందిరీగ వేషం కట్టిన హోవర్‌ఫ్లై అనే ఈగ. కుట్టే పురుగులా కనిపిస్తే పక్షులు జోలికి రావు కదా, అందుకే ఆ వేషం.

అదే ఫోల్డర్‌లో ఇంకో ఫొటో ఉంది. నీలం, ఆకుపచ్చ కలిసి లోహంలా మెరిసిపోయే పురుగు, వీపు మీద నల్ల మచ్చలు. దానికి 'పెంకు పురుగు' అని పేరు పెట్టాను. దాని సంగతి చివర్లో చూద్దాం.

పురుగుల్లో మన కంట్లో ముందు పడేది రంగు. మనల్ని ఎక్కువగా మోసం చేసేదీ రంగే. పేరు తేల్చేవి వేరే ఉన్నాయి: కాళ్ల లెక్క, రెక్కలు ముడుచుకునే తీరు, మీసాల ఆకారం, మూతి. అవి కనిపించేలా ఫొటో ఎలా తీయాలో, తీశాక ఏ వరుసలో చూసుకోవాలో చెబుతాను.

ముందు కెమెరా సంగతి

ఫోన్ ఉన్నా చాలు. చాలా కొత్త ఫోన్లలో మరీ దగ్గరి నుంచి తీసే మ్యాక్రో మోడ్ ఉంటోంది. లేకపోతే క్లిప్‌లా తగిలించుకునే చిన్న మ్యాక్రో లెన్స్ వాడుకోవచ్చు. ఫోన్‌తో ఇబ్బంది ఒక్కటే. పురుగుకు మరీ దగ్గరికి వెళ్లాలి, దాంతో ఫోన్ నీడ పురుగు మీదే పడుతుంది. వెలుతురు పక్క నుంచి వచ్చేలా నిలబడండి. జూమ్ జోలికి వెళ్లకండి. జూమ్ చేస్తే మచ్చలు పెద్దవవుతాయే తప్ప కొత్త వివరం ఏదీ రాదు. దగ్గరగా తీసి తర్వాత కత్తిరించుకోవడం మేలు.

కెమెరా ఉంటే 90 నుంచి 105 ఎం.ఎం. మధ్య మ్యాక్రో లెన్స్ పురుగులకు బాగా సరిపోతుంది. పురుగు బెదరనంత దూరంలో ఉండి తీయొచ్చు. ఈ లెన్సుల మీద 1:1 అని ఉంటుంది. అంటే పురుగు అసలు సైజెంతో సెన్సర్ మీద పడే బొమ్మ కూడా అంతే. ఈ అంకె తర్వాత ఇంకో పనికి కూడా వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

క్లోజప్‌లో అసలు తలనొప్పి ఫోకస్. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర, ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8లో ఉంచితే స్పష్టంగా వచ్చే మందం దాదాపు 1 మిల్లీమీటరు. దాన్ని ఇంకా మూసి ఎఫ్/16కి వెళ్లినా సుమారు 2 మిల్లీమీటర్లే. పురుగు కన్ను స్పష్టంగా ఉంటే కాలు మసకబారుతుంది, కాలు పట్టుకుంటే మీసం పోతుంది. పోనీ అని ఎపర్చర్‌ను ఇంకా మూసుకుంటూ పోతే ఫొటో మొత్తం మెత్తబడుతుంది. నేను ఎఫ్/8 నుంచి ఎఫ్/13 మధ్యే ఉంటాను. మిగతా పనంతా కోణంతో చేయాలి. పురుగు వీపు కావాలంటే సెన్సర్ ఆ వీపుకు సమాంతరంగా ఉండాలి, పక్కభాగం కావాలంటే పక్కభాగానికి. కెమెరాను కాస్త వంచితే చాలు, ఉన్న ఆ 1 మిల్లీమీటరు వృథా అయిపోతుంది.

ఫోకస్ రింగ్ తిప్పుతూ కూర్చుంటే పురుగు ఎగిరిపోతుంది. రింగ్‌ను ఒకచోట ఉంచేసి, ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊగుతూ వరసగా నొక్కండి. ఇరవైలో రెండు బాగా వస్తాయి. ఆ రెండూ చాలు.

ఫ్లాష్ వాడితే ముందు తెల్ల కాగితమో పలుచటి తెల్లగుడ్డో అడ్డం పెట్టండి. నేరుగా పడే ఫ్లాష్ వల్ల నున్నటి వీపు మీద తెల్లటి మెరుపు మచ్చ పడుతుంది. మనకు కావాల్సిన గుంటలు, గీతలు, నూగు సరిగ్గా ఆ మచ్చ కిందే దాక్కుంటాయి.

దగ్గరికి వెళ్లడం

పురుగుల ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి ఉంటుంది. అందుకే తెల్లవారుజామున అవి మందకొడిగా ఉంటాయి. తూనీగలు రెక్కల మీద మంచు బిందువులతో గడ్డిపరకను పట్టుకుని కదలకుండా ఉండేది ఆ వేళలోనే. ఎండెక్కాక వాటి వెంట పరుగెత్తడం దండగ.

కదలికను, నీడను అవి ఇట్టే పసిగడతాయి. నిలబడి పైనుంచి వంగకుండా, ముందే కూర్చుని నెమ్మదిగా జరగండి. మీ నీడ దాని మీద పడకూడదు. కొమ్మను పట్టుకుని మీ వైపు లాగకండి.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. చూడగానే, ఉన్నచోటి నుంచే మొదటి ఫొటో తీసేయండి. అది బాగుండక్కర్లేదు. ఒకడుగు వేసి ఇంకోటి, ఇంకో అడుగు వేసి ఇంకోటి. చివరి అడుగులో పురుగు ఎగిరిపోయినా చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. నేను ఒకసారి మంచి ఫ్రేమ్ కోసం ఆగి ఆగి ఖాళీ ఆకు ఫొటోతో ఇంటికొచ్చాను.

ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారేలా చేయడం, కాళ్లు అతికించడం లాంటి పనులు చేసేవాళ్లూ ఉన్నారు. వాటి జోలికి పోవద్దు. అలా తీసిన ఫొటో చూడగానే తెలిసిపోతుంది కూడా. కాళ్లు అసహజంగా ముడుచుకునో చాపుకునో ఉంటాయి.

ఒక పురుగుకు కనీసం నాలుగు ఫొటోలు

మొదటిది సరిగ్గా పైనుంచి, మొత్తం ఒళ్లు ఫ్రేమ్‌లో ఉండేలా. మీసాల చివర్లు, కాళ్ల చివర్లు కత్తిరించకండి. రెండోది సరిగ్గా పక్క నుంచి. మూడోది ముఖానికి ఎదురుగా. నాలుగోది కాస్త దూరం నుంచి, పురుగుతో పాటు అది కూర్చున్న మొక్క ఆకులు, వీలైతే పువ్వు కూడా కనిపించేలా.

ఈ నాలుగింట్లో పక్క ఫొటోను తేలిగ్గా తీసుకోవద్దు. పైనుంచి తీసినది అందంగా వస్తుంది కానీ మూతి ఎలా ఉందో చెప్పదు, రెక్క కింద రెక్క ఉందో లేదో చెప్పదు, నడుము సన్నమో లావో చెప్పదు. ఈ మూడూ పక్క నుంచి ఒక్క చూపులో తెలుస్తాయి. సీతాకోకచిలుకలకైతే ఇది ఇంకా ముఖ్యం. రెక్కల పైవైపు ఒకలాగే ఉండి, కిందివైపు గీతలు, చుక్కలు మాత్రమే వేరుగా ఉండే జాతులు చాలా ఉన్నాయి. ముఖ్యంగా చిన్న చిన్న నీలం సీతాకోకచిలుకలు. రెక్కలు విప్పిన ఫొటో ఒకటి, ముడిచిన ఫొటో ఒకటి తీసుకోండి.

పురుగు కిటికీ అద్దం మీద వాలితే అదృష్టమే అనుకోండి. అవతలి వైపు నుంచి దాని పొట్ట, కాళ్ల మొదళ్లు, మూతి అన్నీ తీసేయొచ్చు.

ఇక ఇంటికొచ్చి ఫొటోలను పెద్ద తెర మీద పెట్టుకుని చూసే పని.

కాళ్లు లెక్కపెట్టండి

కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాలుగా ఒళ్లు: తల, రొమ్ము, పొట్ట. ఆరు కాళ్లూ రొమ్ము నుంచే పుడతాయి. ఇది చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. అయినా ఫొటో ముందు కూర్చుంటే లెక్కపెట్టడం మర్చిపోతాం.

ఎనిమిది కాళ్లుంటే అది కీటకం కాదు. తొలకరికి నేల మీద ఎర్రటి ముఖమల్ గుడ్డ ముక్కల్లా కనిపించే ఆరుద్ర పురుగు మైట్ అనే చిన్న జీవుల జాతిది, సాలీళ్లకు చుట్టం. చీమను అచ్చంగా అనుకరించే సాలీళ్లు కూడా ఉన్నాయి. ఆకు మీద ఎర్ర చీమ తిరుగుతోందని దగ్గరికి వెళ్తారు. నడుము సన్నంగా ఉంటుంది, నడకా చీమ నడకే. మీసాలు ఆడిస్తూ ఉంటుంది. ఫొటో పెద్దది చేస్తే ముఖం మధ్యలో కారు లైట్లలా రెండు పెద్ద గుండ్రటి కళ్లు మీ వైపే చూస్తుంటాయి. చీమకు అలాంటి కళ్లుండవు. మీసాలనుకున్నవి గాల్లోకి ఎత్తి ఆడిస్తున్న ముందు కాళ్లు. మిగతావి లెక్కపెడితే ఇంకో ఆరు.

లెక్క తప్పే చోట్లు ఇంకా ఉన్నాయి. కొన్ని సీతాకోకచిలుకలు నాలుగు కాళ్ల మీదే నిలబడతాయి. ముందు జత కాళ్లు చిన్నవై బ్రష్‌లా రొమ్ముకు ముడుచుకుని ఉంటాయి. ఆ ఆధారమే వాటి కుటుంబాన్ని పట్టిస్తుంది కూడా. గొంగళిపురుగుకు ముందువైపు ఆరు నిజమైన కాళ్లుంటాయి, పొట్ట కింద ఉండేవి కండతో చేసిన ఉత్తుత్తి కాళ్లు. ఆ ఉత్తుత్తి కాళ్లు ఐదు జతలు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే అది సీతాకోకచిలుక పిల్లో, మాత్ అనే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు పిల్లో అవుతుంది. ఆరు జతలు, అంతకన్నా ఎక్కువుంటే అది సాఫ్లై పిల్ల. సాఫ్లై పేరులో ఫ్లై ఉంది కానీ అది ఈగ కాదు, కందిరీగల వర్గానిది. గొంగళిపురుగును పక్క నుంచి తీయకపోతే ఈ లెక్కే కుదరదు.

రెక్కల దగ్గర తీరిగ్గా ఆగండి

కీటకాల వర్గీకరణ చాలావరకు రెక్కల మీదే నిలబడింది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో కీటకాలను ఏడు క్రమాలుగా విడదీసినప్పుడు ఎక్కువగా చూసింది రెక్కలనే. ఆ పేర్లు ఇప్పటికీ వాడుతున్నాం. డిప్టెరా అంటే రెండు రెక్కలవి, అంటే ఈగలు, దోమలు. కోలియోప్టెరా అంటే ఒర లాంటి రెక్కలవి, పెంకు పురుగులు. లెపిడోప్టెరా అంటే పొలుసుల రెక్కలవి, సీతాకోకచిలుకలు, మాత్‌లు. ఈ గ్రీకు పేర్లు బట్టీపట్టక్కర్లేదు. పేరు వినగానే రెక్క ఎలా ఉంటుందో గుర్తొస్తే చాలు.

ఈగకు రెండో జత రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి రెండు చిన్న బుడిపెలుంటాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు తూలిపోకుండా చూసేవి అవే. పక్క నుంచి తీసిన ఫొటోలో, రెక్క మొదలు వెనక, లేతరంగు బుడిపె కనిపించిందా, ఇక అనుమానం లేదు, అది ఈగల వర్గమే. పొడుగు కాళ్ల క్రేన్‌ఫ్లైలలో ఇది ఎంత స్పష్టంగా ఉంటుందంటే ఫోన్ ఫొటోలోనూ దొరుకుతుంది.

తేనెటీగల్లో, కందిరీగల్లో రెక్కలు లెక్కపెట్టడం చెప్పినంత తేలిక కాదు. ముందు రెక్కను, వెనక రెక్కను సన్నటి కొక్కేలు కలిపి ఉంచుతాయి. ఆ నాలుగూ రెండులా కనిపిస్తాయి. పైగా కొన్ని కందిరీగలు వాలినప్పుడు రెక్కను నిలువుగా మడిచేస్తాయి. అక్కడ తికమకపడితే కళ్లు, మీసాలు చూడండి. హోవర్‌ఫ్లైకి ముఖమంతా కళ్లే, మీసాలు పొట్టిగా ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. కందిరీగకు మీసాలు పొడుగ్గా, మోచేయిలా వంగి ఉంటాయి. నా ఫొటోలో ఈ రెండు ఆధారాలూ కళ్లెదుటే ఉన్నాయి. చారలు చూసి ఆగిపోయాను, అంతే.

పెంకు పురుగుకు, నల్లుల వర్గానికి తేడా తెలియాలంటే వీపు మధ్య చూడండి. ఇక్కడ నల్లి అంటే మంచంలో ఉండేదే కాదు, సూదిలాంటి మూతితో పీల్చి బతికే పెద్ద వర్గం మొత్తం. పెంకు పురుగు ముందు రెక్కలు గట్టి పెంకుల్లా మారి, తలుపు రెక్కలు మూసినట్టు నడిమధ్యన ఒక నిలువు గీత దగ్గర కలుస్తాయి. నల్లుల వర్గంలో చాలావాటికి రెక్కలు ఒకదాని మీద ఒకటి కత్తెరలా ఎక్కి ఉంటాయి. మొదట్లో తోలులా దళసరిగా ఉండే రెక్క చివర్లో పలుచటి పొరగా మారుతుంది. వీపు పైభాగంలో ఒక త్రికోణం స్పష్టంగా కనిపిస్తుంది.

తూనీగ వాలినప్పుడు రెక్కలు పక్కలకు చాచి ఉంచుతుంది. దాని సన్నటి చుట్టం డామ్సెల్‌ఫ్లై ఎక్కువగా రెక్కలను వెనక్కి కలిపి ముడుస్తుంది. రెక్కలు విప్పుకుని కూర్చునే డామ్సెల్‌ఫ్లైలు కూడా ఉన్నాయి కాబట్టి కళ్లు కూడా చూసుకోండి. డామ్సెల్‌ఫ్లై కళ్లు సుత్తి రెండు చివర్లలా ఎడంగా ఉంటాయి. ఎక్కువ తూనీగల్లో కళ్లు నడినెత్తిన కలిసిపోతాయి.

రెక్కలు లేవంటే వెంటనే కొత్తరకం పురుగు అనుకోకండి. మిడతలు, నల్లులు, గొల్లభామల (ముందు కాళ్లు జోడించినట్టుండే వేటపురుగుల) పిల్లపురుగులు పెద్దవాటిలాగే ఉంటాయి, రెక్కల స్థానంలో చిన్న మొలకలుంటాయి. పూర్తిగా ఎదిగే దాకా రంగులు కూడా మారుతూ ఉంటాయి. వీపు మీద ఆ మొలకలు కనిపిస్తే 'పిల్లపురుగు' అని రాసుకుని, పెద్దవాటి ఫొటోలతో పోల్చడం ఆపేయండి.

మీసాలు

పుస్తకాల్లో స్పర్శశృంగాలు అంటారు. మనకు మీసాలు చాలు.

సీతాకోకచిలుక మీసం చివర గదలా ఉబ్బి ఉంటుంది. మాత్ మీసం దారంలానో ఈకలానో ఉంటుంది. పగలు తిరిగే కొన్ని మాత్‌ల మీసాలు కూడా చివర లావెక్కుతాయి కాబట్టి ఇది నూటికి నూరు శాతం నియమం కాదు, కానీ ఎక్కువసార్లు పనిచేస్తుంది. గెంతే పురుగుల్లో మీసం ఒంటికన్నా పొడుగ్గా, వెంట్రుకలా ఉంటే కీచురాయి లేదా దాని బంధువు. పొట్టిగా, కాస్త లావుగా ఉంటే మిడత. చీమ మీసం మోచేయిలా వంగుతుంది, చెదపురుగు మీసం పూసలు గుచ్చిన దండలా తిన్నగా ఉంటుంది. వాన పడ్డాక దీపం చుట్టూ మూగే రెక్కల పురుగుల్లో చీమలేవో చెదలేవో తేల్చడానికి ఇదొక్కటి చాలు. పోనీ నడుము చూస్తారా, చీమకు సన్నటి నడుముంటుంది, చెదకు ఉండదు.

మగ దోమ మీసాలు గుబురుగా, సీసాలు కడిగే బ్రష్‌లా ఉంటాయి. ఆడదోమకు పలుచగా ఉంటాయి. మనల్ని కుట్టేది ఆడదే కాబట్టి మీ చేతి మీద వాలి రక్తం తాగుతున్న దోమ ఫొటో తీస్తే ఆ గుబురు కనిపించదు.

మూతి

ఎక్కువమంది ఫొటోల్లో కనిపించనిది ఇదే. పురుగు ఏం తింటుందో మూతి చెబుతుంది, ఏ వర్గమో కూడా చెబుతుంది. పెంకు పురుగుకు, మిడతకు, చీమకు నమిలే దవడలు. సీతాకోకచిలుకకు చుట్ట చుట్టుకున్న తొండం. నల్లులన్నింటికీ సూదిలాంటి మూతి, పని లేనప్పుడు పొట్ట కిందికి మడిచి ఉంటుంది.

నల్లుల్లోనే వేటాడేవి కూడా ఉన్నాయి. మొక్కల రసం పీల్చేదాని మూతి సన్నగా, పొడుగ్గా ఒంటికి అంటుకుని ఉంటుంది. ఇతర పురుగులను పొడిచి తాగే అసాసిన్ నల్లి మూతి పొట్టిగా, లావుగా, కొడవలిలా వంగి ఉంటుంది. పైనుంచి రెండూ ఒకేలా ఉండొచ్చు. పక్క నుంచి తీస్తే తల కింద ఆ కొడవలి కనిపిస్తుంది. దాన్ని చేత్తో మాత్రం పట్టుకోకండి, గట్టిగా పొడుస్తుంది.

చిన్న గుర్తులు

ఇక్కడి దాకా వస్తే వర్గం తేలిపోతుంది. జాతి దాకా వెళ్లాలంటే ఇంకా చిన్నవి చూడాలి, ఏది చూడాలన్నది పురుగును బట్టి మారుతుంది.

దోమలనే తీసుకోండి. తెల్ల పట్టీల కాళ్లున్న దోమ ఫొటో తీశారు. ఈడిస్ ఈజిప్టైకి, ఈడిస్ ఆల్బోపిక్టస్‌కి రెండింటికీ ఆ పట్టీలుంటాయి. తేడా రొమ్ము పైభాగంలో ఉంది. ఈజిప్టైకి అటూ ఇటూ వంపు తిరిగిన రెండు తెల్ల గీతలు, వాటి మధ్య రెండు సన్నటి గీతలు. ఆల్బోపిక్టస్‌కి మధ్యలో ఒకే ఒక్క తెల్ల గీత. అందుకే దోమను సరిగ్గా పైనుంచి తీయాలి. వాలిన తీరు చూడాలంటే మళ్లీ పక్క నుంచి. ఎనాఫిలిస్ దోమ పొట్ట పైకి లేపి ఏటవాలుగా కూర్చుంటుంది, ఈడిస్, క్యూలెక్స్ గోడకు దాదాపు సమాంతరంగా ఉంటాయి.

అక్షింతల పురుగుల్లో వీపు మీది చుక్కలే కాకుండా తల వెనక ఉండే పలక మీది నమూనా కూడా కావాలి. పేనుబంకను తినే రకాల్లో ఎక్కువవాటి వీపు నున్నగా మెరుస్తుంది. ఆకులను గీకి తినే ఎపిలాక్నా రకాల వీపు సన్నటి నూగుతో మసకగా ఉంటుంది. ఫ్లాష్ మెరుపు పడితే ఈ ఒక్క తేడా పోతుంది, అందుకే తెల్ల కాగితం సంగతి అంతగా చెప్పాను.

గొల్లభామ కంట్లో నల్లటి చుక్క ఒకటి మీరు ఎటు జరిగితే అటు తిరుగుతున్నట్టుంటుంది. అది కనుపాప కాదు, మీ వైపు తిరిగిన కంటి గొట్టాలు వెలుగును తిప్పి పంపకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. ఫొటోకి బాగుంటుంది కానీ గుర్తుపట్టడానికి పనికిరాదు.

రంగును ఎందుకు చివర చూడాలంటే

అప్పుడే కుబుసం విడిచిన పురుగు పాలిపోయి, తెల్లగానో లేతగానో ఉంటుంది. అసలు రంగు రావడానికి గంటలు పడుతుంది, కొన్నింటికి రోజులు. మగ, ఆడ తూనీగలు చాలా జాతుల్లో వేర్వేరు రంగుల్లో ఉంటాయి. లోహంలా మెరిసే పురుగుల్లో ఆ మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, పెంకులోని సన్నటి పొరలు వెలుగును తిప్పి పంపడం వల్ల వచ్చింది. కోణం మారితే ఆకుపచ్చ కాస్తా నీలమవుతుంది. ముసలి సీతాకోకచిలుకల రెక్కల మీద పొలుసులు రాలి రంగు వెలిసిపోతుంది. వీటన్నిటికీ తోడు వేషగాళ్లు ఎలాగూ ఉన్నారు.

రంగును ఎత్తి చెప్పాలంటే ఎక్కడుందో కూడా చెప్పండి. 'ఎర్ర పురుగు' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'ఎర్రటి ఒళ్లు, కాళ్ల మొదళ్లు నలుపు, రెక్కల చివర పొర నలుపు' అంటే సగం పని అయిపోయినట్టే.

సైజు, మొక్క, వేళ

ఇందాక గుర్తుపెట్టుకోమన్న 1:1 ఇక్కడ పనికొస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. లెన్స్‌ను 1:1 దగ్గర ఉంచి తీసిన, కత్తిరించని ఫొటోలో పురుగు వెడల్పులో మూడో వంతు ఆక్రమిస్తే దాని పొడవు 12 మిల్లీమీటర్లు. స్కేలు పట్టుకుని వెంటపడే పని లేదు. ఫోన్‌తో తీసినవాళ్లు పురుగు వెళ్లిపోయాక అదే ఆకు మీద స్కేలు పెట్టి, అంతే దూరం నుంచి ఇంకో ఫొటో తీసుకోవచ్చు.

మొక్క పేరు, తేదీ, వేళ, చోటు, పురుగు ఏం చేస్తోందో రెండు ముక్కల్లో రాసుకోండి. కెమెరాలో గడియారం సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. నాది ఒక సీజనంతా తప్పు సంవత్సరం చూపించింది, ఆ ఫొటోలన్నీ ఎప్పటివో గుర్తుతెచ్చుకునేసరికి టెన్షన్ వచ్చింది. మొక్క ఎందుకంటే, కొన్ని పురుగులు ఒకటి రెండు రకాల మొక్కల మీదే బతుకుతాయి. ఆకు తెలిస్తే వెతకాల్సిన జాబితా వందల నుంచి పదికి పడిపోతుంది.

పేరు వెతకడం

వాడుక పేరుతో మొదలుపెట్టండి కానీ దాని మీదే ఆధారపడకండి. గొల్లభామ అని కొందరు ముందు కాళ్లు జోడించినట్టుండే వేటగాడిని అంటే, కొందరు మిడతనే అలా పిలుస్తారు. ఒకే ప్రాంతంలో ఇద్దరు రెండు పురుగులను ఒకే పేరుతో పిలవడం నేను విన్నాను.

ఐనాచురలిస్ట్ లాంటి చోట ఫొటోలు పెడితే యాప్ ఒక పేరు సూచిస్తుంది, తర్వాత తెలిసినవాళ్లు వచ్చి సరిచేస్తారు. 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది అది. పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది ఒప్పుకుంటేనే ఆ పేరు ఖాయమవుతుంది. యాప్ చెప్పిన మొదటి పేరును అలాగే ఒప్పేసుకోకండి. మీరు చూసిన గుర్తులు ఆ జాతి వర్ణనలో ఉన్నాయో లేవో ఒక్కొక్కటే సరిచూడండి. ఒక్కటి కుదరకపోయినా ఒక మెట్టు వెనక్కి వెళ్లి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరో కుటుంబం దగ్గరో ఆగండి. అడిగేటప్పుడు నాలుగు ఫొటోలూ ఒకేచోట పెట్టండి, ఒక్కటి పెట్టి ఊరుకోకండి.

ఇప్పటిదాకా పేర్లు పెట్టిన కీటకాలే 10 లక్షల దాకా ఉన్నాయి. అందులో దాదాపు 4 లక్షలు పెంకు పురుగులే. చాలా జాతులను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పొట్ట చివరి భాగాలను కోసి చూస్తే తప్ప విడదీయలేరు. ఎంత మంచి ఫొటో అయినా వాటి దగ్గర కుటుంబం పేరుతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇక ఆ రెండో ఫొటో

నీలం, ఆకుపచ్చ మెరుపు, నల్ల మచ్చలు. ఈ మధ్య దాన్ని మళ్లీ తెరిచి, పైన చెప్పిన వరుసలోనే చూశాను.

కాళ్లు: పైనుంచి తీశాను కాబట్టి నాలుగే కనిపిస్తున్నాయి, రెండు ఒంటి కింద ఉన్నాయి. సాలీడు కాదన్నది మాత్రం తల, మీసాలు చూస్తే తెలుస్తోంది. రెక్కలు: పెంకు పురుగైతే వీపు నడిమధ్యన నిలువు గీత ఉండాలి. తల దగ్గర నుంచి పొట్ట చివరి దాకా పిక్సెళ్లు విడిపోయేంత పెద్దది చేసి వెతికాను. గీత లేదు. వీపంతా ఒకే పలక, డాలులా. ఒక నల్ల మచ్చ సరిగ్గా నడిమధ్యన, ఎక్కడా చీలకుండా ఉంది. తలుపు రెక్కలు కలిసే చోట అలాంటి మచ్చ ఉంటే గీత దాన్ని రెండుగా కోయాలి.

అంటే నేను 'పెంకు పురుగు' అని రాసింది నల్లుల వర్గానిది. ఆ వర్గంలో వీపు మీద త్రికోణం ఉంటుందన్నాను కదా, జ్యువెల్ బగ్‌ల కుటుంబంలో ఆ త్రికోణమే పెరిగి పెరిగి పొట్టనంతా, రెక్కలతో సహా కప్పేస్తుంది. పైనుంచి చూస్తే అచ్చం పెంకు పురుగే.

రంగుతో జాతి దాకా వెళ్దామంటే ఆ మెరుపు కోణాన్ని బట్టి మారేది. మూతి చూద్దామంటే పక్క ఫొటో లేదు. మొక్క ఏదో చూద్దామంటే వెనకంతా మెత్తటి ఆకుపచ్చ, అప్పట్లో అదే అందమనుకున్నాను. ఫైల్ పేరులో 'పెంకు పురుగు' కొట్టేసి 'జ్యువెల్ బగ్ కుటుంబం, జాతి తేలలేదు' అని మార్చాను.